వజ్రమ్మ పెంచిన కొండ ఉమ్మెత్త

మెదక్‌లో మా వజ్రమ్మ పెద్దమ్మ వాకిట్లో ఒక్క పూలమొక్క ఉండేది కాదు. నాకు పెళ్ళయిన కొత్తలో గులాబీ కొమ్మ పట్టుకుపోతే, "గా కొమ్మ లోపలికి తేకు, గడప అవతలనే వెట్టు" అని కసిరింది. కొమ్మతో ఏం పగమ్మా అని ఇంటికొచ్చి రుసరుసలాడితే, మా అమ్మ నన్ను కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పింది.

పెద్దమ్మ భర్త ఐలయ్య, అంటే మా పెద్దబాపు, ఒక అధికారి బంగ్లాలో మాలి. ఆ దొర ఊటీ నుంచి తెప్పించిన చెట్టొకటి అక్కడ ఉండేది. తెల్లటి పూలు బూరల్లా తలకిందులుగా వేలాడేవి, పొద్దు గూకితే వాసన వీధంతా కమ్మేది. ఉమ్మెత్త జాతిదే కనుక పనివాళ్ళు దాన్ని కొండ ఉమ్మెత్త అనేవారు. దొరకు బదిలీ అయినప్పుడు పెద్దబాపు ఒక కొమ్మ కోసి ఇంటికి తెచ్చి, నీడలో తడి ఇసుకలో గుచ్చాడు. వేళ్ళు పోసుకున్నాక కుండలోకి మార్చి పెద్దమ్మకు అప్పగించాడు.

చిక్కుడు, సొర తప్ప ఏదీ పెంచి ఎరగని మనిషి ఆమె. ఉమ్మెత్తలు పెంటకుప్పల మీద వాటంతటవే మొలుస్తాయి గదా, దీనికి సేవలేమిటనుకుంది. నీళ్ళు పోయకుండా మిట్ట మధ్యాహ్నపు ఎండలో వదిలేసింది. ఆకులన్నీ వేలాడిపోయాయి. పెద్దబాపు చూసి నవ్వాడు.

"పిచ్చిదానా, గిది మన ఉమ్మెత్త గాదు. చల్లటి తావుల పుట్టింది. పొద్దటి ఎండ చాలు, పగటీలి నీడకు జరుపు. నీళ్ళు మస్తు తాగుతది. గని కుండ అడుగున బొక్క వెట్టు, నీళ్ళు నిలిస్తె ఏర్లు కుళ్ళుతయి."

పట్టుదల మనిషి కదా, అన్నీ నేర్చుకుంది. మాగిన పేడ ఎరువు వేసేది. ఆకుల అడుగున తెల్లదోమ చేరితే నీళ్ళతో కడిగేది. పూలు రాలాకే కత్తిరించాలి, అదీ కొమ్మ రెండుగా చీలిన చోటుకు పైనే, కిందికి కోస్తే మళ్ళీ పూయడానికి చాలా కాలం పడుతుంది. ఆకు నుంచి వేరు దాకా అంతా విషమే. మేకలనూ పిల్లలనూ దాని దరిదాపుల్లోకి రానివ్వకూడదు, కోశాక చేతులు బాగా కడుక్కోకుండా కళ్ళు ముట్టకూడదు. పక్కింటి కిష్టవ్వ శివుడికని పూలు అడిగితే, ఈ మాటలన్నీ వల్లించాకే ఇచ్చేదట.

రజాకార్ల ఆగడాలు ముదిరిన ఆ ఎండాకాలం, చేగుంట వైపు సర్కారు మీద తిరగబడ్డ సంఘపోళ్ళకు రొట్టెలు మోస్తున్నాడని పెద్దబాపును పట్టుకుపోయారు. మోసిన మాట నిజమే. ఎక్కడ పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఠాణాకు పోతే తరిమేశారు. బావి అడుగంటింది. పెద్దమ్మ తాగే నీళ్ళల్లో సగం కుండకు పోసింది. ఆయన వచ్చేసరికి చెట్టు బతికి ఉండాలి, అదొక్కటే ఆమె పంతం.

పోలీసు చర్య జరిగింది. ఊళ్ళో జెండాలు ఎగిరాయి, మిఠాయిలు పంచారు. రామాయంపేట వైపు వాళ్ళు ఇద్దరు ముగ్గురు జైళ్ళ నుంచి ఇంటికి చేరారు. పెద్దబాపు రాలేదు. సంఘపోళ్ళని పేరు పడితే కొత్త సర్కారు కూడా వదలడం లేదని చెప్పుకున్నారు.

చలికాలం మొదట్లో, పూలన్నీ రాలిపోయాక, ఒకరోజు పెద్దమ్మ కత్తి పట్టుకుని కొమ్మలు కోస్తోంది. కిష్టవ్వ పరుగెత్తుకొచ్చింది.

"వజ్రమ్మా, ఉరుకు! కచ్చేరి కాడ ఖైదీల లారీ ఆగింది. ఖరాబయిందట!"

కత్తి అక్కడే పడేసి పరుగెత్తింది. దారి పొడుగునా ఏడుపే. రసం అంటిన అవే చేతులతో రెండు కళ్ళూ తుడుచుకుంది.

కచ్చేరి ముందు జవాన్లు జనాన్ని చాలాసేపు ఆపేశారు. లారీ బాగయ్యాక, ఖైదీలకు నీళ్ళిద్దామని టార్పాలిన్ ఎత్తారు. పెద్దమ్మ ఎట్లాగో ముందుకు తోసుకుపోయింది. చూస్తే ఎండ తప్ప ఏమీ కనిపించలేదు. అంతా తెల్లగా మెరుస్తోంది, మొహాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చివరన ఒకాయన సంకెళ్ళ చేతులు రెండూ ఆమె వైపు ఎత్తినట్టు అనిపించింది.

"ఓ... నువ్వేనా? ఇనవడుతుందా, నువ్వేనా?" అని అరిచింది. చుట్టూ ఆడవాళ్ళంతా అట్లాగే అరుస్తున్నారు. లారీ పట్నం వైపు కదిలిపోయింది.

వెనక నిలబడ్డ కిష్టవ్వ, "గా గడ్డానికి, గా బక్క పానానికి నేను ఆనవాలు వట్టలే. పేరు వెట్టి పిలువకపోతివా?" అంది.

"మొగని పేరు నోట్లెకెట్ల వస్తదే?" అంది పెద్దమ్మ.

మర్నాటికి చూపు తేటపడింది. పట్నం పోయి జైలు గేటు దగ్గర మా తాత వాకబు చేస్తే, ఆ పేరు గలవాడు లేడన్నారు. పెద్దమ్మ చెట్టును వేళ్ళతో సహా పెరికి పాతిపెట్టింది. పెద్దబాపు మళ్ళీ ఎన్నడూ రాలేదు, ఆయన కబురూ రాలేదు.

మా అమ్మ దగ్గర ఒక్కసారే నోరు విప్పిందట. "గాయన నా మొగడే అయితె, నా పెండ్లాం సక్కగ నా మొగం జూసి గూడ గుర్తువట్టలేదనుకుంట పోయిండు. గాయన గాకుంటె, నా మొగడు గప్పటికే సచ్చిపోయిండు. దేవునికి ఏమని మొక్కుకోవాలె, చెల్లె?"