ఖాళీగా ఉండకూడని కుర్చీ

మా మేడమ్ పోయారు. మెట్రోలో ఉండగా ఫోన్ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాల్సినవాణ్ణి, ఎల్బీనగర్ చివరి స్టేషన్‌లో అందరూ దిగిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను.

మా యూనివర్సిటీలో పిల్లలకు సొంత వ్యాపారం నేర్పే కోర్సును మొదలుపెట్టింది ఆమే. చేతికొచ్చింది మొదలుపెట్టుకోమని ఇచ్చిన చిన్న సీడ్ గ్రాంటు, అదీ ఒక్క ఏడాదికి. కంప్యూటర్లు కొందామని మేం లెక్చరర్లమంతా గోల చేశాం. ఆమె వింటేగా! పాత స్టోర్‌రూమ్‌కు సున్నం వేయించి కుర్చీలు కొన్నారు. వాటిలో ఒకటి, వస్తువు కొనేవాళ్లది. పిల్లలు ఏ వస్తువు తయారు చేయాలనుకున్నా, దాన్ని వాడే మనిషిని శుక్రవారం పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. వాళ్లు పని మానుకుని వచ్చినందుకు ఆ పూట సంపాదన గ్రాంటులోంచే ఇచ్చేవారు. ఊరికే పిలిస్తే ఊరికే మాట్లాడి పోతారనేవారు. టీ మొదటి గ్లాసు వాళ్లకు, చివరిది తనకు.

ఒకసారి రావలసిన ఆటో డ్రైవర్ రాకపోతే నేను కూర్చోబోయాను. "నువ్వు కొంటవా? కొనవు. మరి లే," అన్నారు. పిల్లల ముందు లేచాను.

చైతన్యపురిలో హాస్టల్ నడిపే ఆవిడ పిల్లలు చేసిన చపాతీల డబ్బాను అటూ ఇటూ తిప్పి, "దీన్ని కడగడం ఎలాగమ్మా?" అని అడిగిన రోజు పిల్లల ముఖాలు చూడాలి. డబ్బా మళ్లీ చేశారు. ఇప్పుడు ఆ వీధి హాస్టళ్లలో అదే వాడుతున్నారు.

ఏడాదికి గ్రాంటు అయిపోయింది. గది ఖాళీ చేయమన్నారు. మేడమ్ వాదించలేదు, యూనివర్సిటీ పెద్దసారును ఒక శుక్రవారం పిలిచి వెనక కూర్చోబెట్టారు. ఆయన చివరిదాకా విన్నారు. గది మిగిలింది, కోర్సు సిలబస్‌లో చేరింది. "పైసలు ఒడుస్తయ్, అలవాటు ఒడవదు," అన్నారామె ఆ రోజు.

దవాఖానలో చివరిసారి చూసినప్పుడు, మీరు లేకుండా ఎట్లా మేడమ్ అని ఏడ్చాను. "ఆ కుర్చీ ఖాళీగ ఉంచకుండ్రి. అంతే," అన్నారు.

మొన్న శుక్రవారం పిల్లలు ఆమె ఫోటోకు దండ వేసి ఆ కుర్చీలోనే పెట్టారు. ఆ రోజుకు క్లాసు వద్దనే నేనూ అనుకున్నాను. అంతలో మీర్‌పేట్ నుంచి టైలరమ్మ వచ్చింది. ముందే పిలిచిన మనిషి, షాపు మూసుకుని వచ్చింది. ఫోటో చూసి గడపలోనే ఆగి, "మళ్లొస్త తియ్యి సార్," అంది.

ఒకమ్మాయి లేచి, ఫోటోను రెండు చేతులా తీసి మా వరుసలో కుర్చీ మీద పెట్టింది. రాలిన పూలరేకులు చున్నీతో తుడిచి, "కూసో అక్కా," అంది.

క్యాంటీన్ నుంచి ఎప్పటిలాగే టీ వచ్చింది. మొదటి గ్లాసు టైలరమ్మకు ఇచ్చాం. చివరిది ట్రేలోనే ఉండిపోయింది.