డబ్బాల పేజీ

అప్పటికి రాయదుర్గానికి మెట్రో రాలేదు. ఆఫీసు బస్సు తప్పిపోతే షేర్ ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చున్నట్టుగా ఇరుక్కుని వెళ్లేవాళ్లం. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులు. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన నాకు ఒక జబ్బు ఉండేది. మధ్యాహ్నం క్యాంటీన్లో అందరి డబ్బాల్లోకీ తొంగిచూడటం. ఆ జబ్బు ముదిరి నెట్‌లో ఒక పేజీ పెట్టాను. రోజూ ఎవరిదో ఒకరి డబ్బా ఫొటో, కింద అది ఎవరు వండారో ఒక ముక్క. అంతే.

మొదట్లో మా వదిన తప్ప ఎవరూ చూడలేదు. ఆమె కూడా మొహమాటానికి చూసేది. నా ఫోన్ కెమెరాలో పచ్చిపులుసు బురదనీళ్లలా పడేది మరి. ఒకరోజు ఆ ఫొటో కింద ఎవరో అమ్మాయి అడిగింది, దీన్ని కాచరా అండీ అని. నేను ఊరుకునే రకం కాదు. పచ్చిపులుసు కాచుకునేవాళ్లని దేవుడు కూడా బాగుచేయలేడని జవాబు రాశాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. ఆదివారం కాచకుండానే చేసుకుని తిని, బాగుందని ఒప్పుకుని, సోమవారం తన డబ్బా ఫొటో పంపింది. గుంటూరు వైపు వాళ్లు, కూకట్‌పల్లిలో ఉంటారు. పనిచేసేది మా ఆఫీసుకు రెండు భవనాల అవతల.

పేజీ అప్పటి నుంచి ఇద్దరిదీ అయింది. ఎవరు ఏం రాసినా సాయంత్రం టీ లోపల జవాబివ్వాలని పెట్టుకున్నాం. గిల్లడం నా వంతు, జోల పాడటం ఆమె వంతు. జనం ఫొటో కోసం రారు, జవాబు కోసం వస్తారని నాకు తెలిసింది అప్పుడే. మెల్లగా క్యాబ్ డ్రైవర్లు వచ్చారు, హాస్టల్ పిల్లలు వచ్చారు. ఒకరి జొన్నరొట్టె కింద ఇంకొకరి గోంగూర. ఎవరి అమ్మయినా దవాఖానలో ఉందంటే పేజీ అంతా పలకరించేది. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఫాలోవర్లను ఎలా పెంచాలో చర్చించుకుంటుంటే ఆ రోజులు గుర్తొచ్చి ప్రాణం లాగుతుంది. విచిత్రమేమిటంటే, అంత దగ్గరగా పనిచేస్తూ మేమిద్దరం ఒక్కసారీ కలుసుకోలేదు. రోజూ మాట్లాడుకుంటున్నాం కదా అనుకునేవాళ్లం.

ఒకరోజు గచ్చిబౌలి వైపు వంటావార్పు జరిగింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతి కూర్చుని తినడం, అదే నిరసన. ఆఫీసు దోస్తులతో వెళ్లి తిన్నాను. గుండిగ ఫొటో తీసి, అన్ని ఫొటోల లాగే పేజీలో పెట్టేశాను. అది నా మధ్యాహ్న భోజనం, నా రాష్ట్రం కోసం తిన్న భోజనం. రెండూ నాకు వేరుగా తోచలేదు.

తిరిగి సీటు దగ్గరికి వచ్చేసరికి పేజీ భగ్గుమంటోంది. నిన్నటిదాకా ఒకరి కూరను ఒకరు మెచ్చుకున్నవాళ్లు ఒకరి పుట్టుక ఒకరు తవ్వుకుంటున్నారు. పచ్చిపులుసుకు రాని జనం పోట్లాటకు వచ్చారు. పేజీ అంతగా ఎప్పుడూ పెరగలేదు. మా ఆఫీసులో ఒకాయన భుజం తట్టి, రోజుకొకటి ఇలాంటిది వెయ్యమన్నాడు. ఆయన్ని కొరకాలనిపించింది. ఎందుకంటే అందరూ ఆమెను పట్టుకుని నువ్వు ఎటువైపో చెప్పమంటున్నారు. అందరికీ జవాబిచ్చే మనిషి ఒక్కరికీ జవాబివ్వలేదు. పేజీ పోతే పీడా పోయింది, ఈమె పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. ఫొటో తీసెయ్యనా అని రాశాను. మర్నాడు గానీ జవాబు రాలేదు.

"తీసెయ్యకండి. మీరు తిన్నది మీరు పెట్టారు. మళ్లీ ఎప్పుడు వండుతారో చెప్పండి, నేనూ వస్తాను."

వచ్చింది. తర్వాతి వంటావార్పు దగ్గర, ఎండకు చున్నీ తల మీద కప్పుకుని, నేననుకున్న దానికంటే పొడుగ్గా ఉంది. అలవాటుకొద్దీ ఫోన్ తీశాను.

"ఫొటో వద్దండి. మా కాలనీలో తెలిస్తే నన్ను నంజుకు తింటారు."

ఫోన్ సంచీలో వేసేశాను. బంతిలో పక్కపక్కన కూర్చున్నాం. వడ్డిస్తున్న పెద్దామె మా ముందుకు వచ్చి, నా పక్కనున్నామె పలకరింపులో యాస విని ఆగి, ఏ ఊరు బిడ్డా అని అడిగింది. నా దోస్తని చెప్పి దాటేద్దామనుకునేలోపే ఆమె చెప్పేసింది, గుంటూరు దగ్గరమ్మా, ఇప్పుడు కూకట్‌పల్లి అని. గరిటె ఆగింది. బంతిలో తలలు ఇటు తిరిగాయి.

"మా రాష్ట్రం మాకు గావాలె బిడ్డా," అంది పెద్దామె. "నువ్వైతే కడుపు నిండ తిను."

గరిటెడు అన్నం పళ్లెంలో పడింది. నా పక్కనున్నామె తల దించుకుని తినడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. సంచీలో ఫోన్ ఊరికే మోగుతోంది. ఎటువైపో చెప్పమని పేజీలో జనం ఆమెను ఇంకా నిలదీస్తూనే ఉన్నారు. ఆమె నా భుజానికి ఆనుకుని కూర్చుని, మారు వడ్డించమని పళ్లెం చాపింది.