కలిపిన ఫిల్ము

అప్పట్లో నా ఉద్యోగం ఫిల్ములు చూడటం. సూరారంలో మా ఇంటి ఓనరు నన్ను సినిమా హాలు మనిషనుకుని చాలాకాలం టికెట్లు అడిగేవాడు. నేను చూసేవి మేడ్చల్ దగ్గర ఒక షెడ్డులో, బాయిలర్ల వెల్డింగ్ అతుకులకు తీసిన ఎక్స్‌రేలు. లైటు పెట్టె మీద పెట్టి, అతుకులో వెంట్రుకంత నల్లగీత, అంటే పగులు, ఉందేమో వెతకాలి. మా వెల్డరు చేయి తిరిగినవాడు. అదే నా బాధ. వారాలు గడిచినా ఒక్క పగులూ కనిపించేది కాదు. నా కళ్ళు తెరుచుకునే నిద్రపోవడం నేర్చుకున్నాయి.

ఇది పసిగట్టిన మా సారు, దాచి ఉంచిన పాత పగుళ్ల ఫిల్ములు కొన్ని రోజూ కట్టలో కలపడం మొదలుపెట్టాడు. నేను పోల్చుకోకుండా అన్నిటి నంబర్ల మీదా నల్ల టేపు. దొరికినవి తెచ్చిస్తే టేపు తీసి తనవో కావో తేల్చేవాడు.

‘రోజు ఒకటన్న దొరికితె నీ కన్ను మేల్కొని ఉంటది’ అన్నాడు.

మేల్కొంది, మళ్ళీ మూతపడనంతగా. బస్సు అద్దంలో పగుళ్లు, ఇంటి గోడలో పగుళ్లు.

‘అన్నం తినుండ్రి. పళ్ళెంల ఏం దేవులాడుతున్రు?’ అనేది మా ఆవిడ.

శామీర్‌పేట జింకల పార్కుకు తీసుకెళ్తే, అందరికీ జింకలు కనిపించాయి, నాకు కంచెలో తెగిన తీగ కనిపించింది.

ఒకరోజు రైస్‌మిల్లుకు పోవాల్సిన బాయిలర్ లారీ మీద సిద్ధంగా ఉంది. కట్టలో ఒక గీత దొరికింది. ఫిల్మును వాల్చి చూశాను. ఫిల్ము మీద పడ్డ గీతయితే మెరుస్తుంది, ఇది మెరవలేదు. సారు కలిపిందేనని నవ్వుకుని, బండి పోనివ్వమని చెప్పి, ఆయన దగ్గరికి వెళ్ళాను.

‘దొరికింది సార్, మీరు దాసింది.’

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ‘ఇయ్యాల నేనేం గలపలే. లారీకి జల్దీ ఉందని ఊకున్న. టేపు తియ్యి.’

తీశాను. ఆ బాయిలర్ నంబరే.

దాని పక్కన నిలబడి పొయ్యిలో ఊక ఎగదోసే మనుషులు కళ్ళ ముందు మెదిలారు. గేటు దాకా పరుగెత్తాను. ఇంజను స్టార్టయ్యి ఉంది.

‘ఏందన్నా, పొమ్మన్నది నువ్వే గదా?’ అన్నాడు డ్రైవరు.

‘నేనే. ఇగ ఆపమన్నది గుడ నేనే.’

వెల్డరు లారీ ఎక్కి అతుకు మీద గ్రైండర్ పెట్టాడు. పైపొర పోయాక పగులు బయటపడింది.

‘రోజు అడిగేటోనివి, ఒకటన్న దొరకదా అని. సంబురమేనా ఇగ?’ అన్నాడు తల ఎత్తకుండా.

డ్రైవరు తాళ్లు విప్పసాగాడు. నేను లోపలికొచ్చి, మిగతా ఫిల్ముల టేపులన్నీ పీకేసి, కట్టను మొదటినుంచి చూడటం మొదలుపెట్టాను.