ఐసులో పెట్టిన నెత్తురు

గ్లోరీ సిస్టర్ వస్తోందంటే నల్గొండ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు మంచాల కింద దూరేవారు. మరి ఆమెది టీకాల పనాయె! భుజాన ఐసు డబ్బా, చేతిలో సూది. ఎండ మండిపోతున్నా సరే, టీకా చల్లగా ఉండాలి. ఏళ్ల తరబడి ఆ ఒక్క మాట పట్టుకుని తిరిగిన మనిషి, డెంగీ పరిశోధన పనిలో కొత్తగా చేరింది. జ్వరం తగ్గినవాళ్ల నెత్తురు తీసి హైదరాబాదు ల్యాబుకు చేర్చాలి.

నెత్తురివ్వమంటే మొరాయించేవాళ్లందరిలోకీ మొండిఘటం బిక్షమ్మ. పోయిన వానాకాలం ఆమెకూ, కొడుకు ప్రేమ్‌సాగర్‌కూ ఒకేసారి డెంగీ వచ్చింది. తల్లి లేచి తిరిగింది. కొడుకు దవాఖాన నుంచి ప్రాణంతో రాలేదు.

"మావోని నెత్తురు పొద్దుమాపు గుంజిండ్రు, మనిషిని మాత్రం ఇయ్యలె. ఇంక నాది గూడ గావాల్నా?" అని బిక్షమ్మ ముఖం మీదే తలుపేసింది. గ్లోరీ ఊరుకుంటుందా? మళ్లీ మళ్లీ వెళ్లి, వాకిట్లో చతికిలబడి, ఆమెతోపాటు కందులు చెరిగి, మొత్తానికి ఒప్పించింది. అంత కష్టపడి తెచ్చిన నెత్తురును అలవాటుకొద్దీ ఐసు ముక్కల మధ్య కూరేసింది, మహాతల్లి!

ల్యాబు నుంచి సింధూజ ఫోన్ చేసింది. నూలుకు రంగులద్దే పుట్టపాక నేతింటి అమ్మాయి. ఇప్పుడు నెత్తురులోని కణాలకు రంగులు అంటించి, ఫ్లో సైటోమీటర్ అనే మిషన్‌లో లేజరు వెలుగు ముందు నుంచి ఒక్కొక్కదాన్నే పంపుతుంది. వైరస్‌ను గుర్తుపట్టే కణం ఏదో ఆ రంగే చెబుతుంది.

"కణాలు బతికుండాలె అక్కా. ఐసు చలికి అన్నీ పగిలిపోయినయి. గిది టీకా గాదు గద."

బిక్షమ్మకు ఏ ముఖం పెట్టుకుని చెప్పడం? ఇంకో పరీక్ష ఉందని అబద్ధమాడితే సరిపోతుందనుకుంది గ్లోరీ, బస్సులో దారిపొడవునా దాన్నే వల్లె వేసుకుంది. తీరా ఆమెను చూశాక ఆ అబద్ధం ఆడలేకపోయింది.

"పెద్దమ్మా, నీ నెత్తురు నేనే పాడుచేసిన. తప్పు నాదే. మల్ల ఇస్తవా?"

"నీ చేతులు పాడుగాను! గిన్నేండ్లు సూదులేసినవు, గింత తెల్వదా?" బిక్షమ్మ ఆమెను కడిగి పారేసింది. తర్వాత చేతిలో చేట పక్కన పెట్టింది. "మావోడు పోయిననాడు ఒక్కలన్న గిట్ల తప్పు ఒప్పుకోలె," అంటూ చెయ్యి చాపింది.

ఈసారి ఐసు లేకుండా పంపిన నెత్తురు క్షేమంగా చేరింది. సింధూజ పంపిన బొమ్మను గ్లోరీ ఫోన్‌లో చూపించింది. తెర నిండా చుక్కలు, ఓ మూల ఎర్రగా చిన్న గుంపు.

"గివే పెద్దమ్మా, నీ జ్వరాన్ని యాది పెట్టుకున్న కణాలు."

బిక్షమ్మ ఆ గుంపును వేలితో తాకింది. "నేను బతికిన. మావోడెందుకు సచ్చిండో దీంట్ల తెలుస్తదా?"

గ్లోరీకి ఏడుపు తన్నుకొచ్చింది. "తెల్వదు పెద్దమ్మా. ఇంకా ఎవలకూ తెల్వదు."

బిక్షమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"తెలిసేదాంక నా నెత్తురు తీస్కోండ్రి, బిడ్డా."