వదిన చెయ్యి

నేను అల్లూరుకు కాపురానికి వచ్చేనాటికి మా ఇంట్లో నాకంటే వయసులో చాలా పెద్దదైన ఆడబిడ్డ ఉండేది. మనిషి ఎదిగినా బుద్ధి ఐదారేళ్ల పిల్ల దగ్గరే ఆగిపోయింది. ఊళ్లో అందరూ పిచ్చిది అనేవాళ్లు. నేను మాత్రం వరస ప్రకారం వదినా అనే పిలిచేదాన్ని.

ఒకసారి చేపలు తోముతుంటే ఆమె అరచేతిలో ముల్లు దిగింది. నాలుగు రోజులకు చెయ్యి పొంగి చీము పట్టింది. మా ఆయన కోతల్లో ఉన్నాడు. నేనే బస్సులో నెల్లూరు తీసుకెళ్లి ఒక ఆసుపత్రిలో చూపించాను.

డాక్టరు ఆమె వైపు చూడకుండా నన్ను అడిగాడు. "ఈమెకు చెబితే అర్థమవుతుందా?"

"అవతాదండీ. ముందు చూపించి చేస్తే ఒప్పుకుంటాది. ఎనకనించి పట్టుకుంటే మాత్రం బెదిరిపోతాది."

సరేనన్నట్టు తల ఊపాడు. ఊపుతూనే వెనక నిలబడ్డ వార్డుబాయిలకు సైగ చేశాడు. ఇద్దరూ వచ్చి ఆమె భుజాలు అదిమిపట్టారు. వదిన కేకలు పెట్టింది, తన్నింది, ఒకతని చెయ్యి కొరికింది. సూది, కత్తెరలు అన్నీ నేలపాలయ్యాయి.

"రేపు నలుగురు మగవాళ్లను వెంటబెట్టుకుని రా. కట్టేసి కోయాల్సిందే," అన్నాడు డాక్టరు.

నేను చెప్పింది తెలుగులోనే కదా, ఒక్క ముక్కయినా ఆయన చెవిన పడలేదేమని ఆసుపత్రి నుంచి బయటికి వచ్చాక కూడా కుతకుతలాడిపోయాను.

ఆ సాయంత్రం నెల్లూరులోనే మా పిన్ని ఇంట్లో ఉండిపోయాం. తడిగుడ్డతో నా అరచెయ్యి తుడుచుకుని, చీపురుపుల్లతో గీత గీసి, కట్టు కట్టి, రేపు ఇలాగే చేస్తారని వదినకు చూపించాను.

"నొప్పి పెడతాదా?" అంది వదిన.

"పెడతాది వదినా. కొంచేపే. నేను పక్కనే ఉంటా."

పెట్టదని చెప్పడం తేలికే. అలా చెబితే ఆమె ఇంకోసారి నన్ను నమ్మదు.

మర్నాడు డాక్టరు, "మగవాళ్లేరీ?" అన్నాడు.

"ఎవురూ రాలేదండీ. ముందు నా చేతికి మందు రుద్దండి. ఆమె చూస్తాది."

"ఈ ఆటలకు ఇక్కడ టైము లేదమ్మా."

నేను స్టూలు మీద నుంచి లేవలేదు. చివరికి నర్సమ్మ విసుక్కుంటూనే నా అరచేతికి స్పిరిట్ రాసింది. వదిన వంగి చూసింది, వాసన పీల్చింది, తన చెయ్యి తెచ్చి నా చెయ్యి పక్కన పెట్టింది. సూది గుచ్చినప్పుడు రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగేంత గట్టిగా. కోసేటప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది, కానీ చెయ్యి లాక్కోలేదు. చీము తీసి కట్టు కట్టడం చూస్తుండగానే అయిపోయింది.

డాక్టరు చేతులు కడుక్కుంటూ ఆమెతో మొదటిసారి మాట్లాడాడు. "నిన్న కూడా ఇట్లా బుద్ధిగా కూర్చుని ఉంటే నిన్ననే అయిపోయేది కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. కట్టు మార్పించుకోవడానికి మళ్లీ అక్కడికే రావాలి కాబట్టి, ఎప్పుడు రమ్మంటారని మాత్రం అడిగాను. వదినేమో ఆయన మెచ్చుకున్నాడనుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా ఎవరో కొత్తవాళ్లు ఉండేవాళ్లు. చెబితే ఆమెకు తెలుస్తుందని మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చేది. ఒకరిద్దరు విన్నారు. మిగతావాళ్లు ఆమె మీద చెయ్యి వెయ్యకముందే నేను అడ్డంగా నిలబడేదాన్ని.