పదివేల ఏడు గుండీలు

మా అక్క మెత్తని మనిషి కాదు. మా ఇంట్లో మెత్తనివి దిండ్లొక్కటే.

అక్క గుండీల కర్మాగారంలో పెట్టెలు సర్దేది. అక్కడి సూపర్‌వైజరుకి మేం పెట్టుకున్న పేరు గడ్డపార. వంగడు, ఎక్కడ పడితే అక్కడ గుచ్చుకుంటాడు. వాడి చట్టం ఒకటే: ఆ రోజు సరుకంతా పెట్టెల్లో సమంగా సర్దాలి. ఒక్క గుండీ మిగిలినా అది సర్దినదాని చేతివాటమే.

ఒకరోజు మిషను దగ్గరివాడు కునుకు తీసి, పదివేల దగ్గర ఆపాల్సింది ఆలస్యంగా ఆపాడు. గుండీలు లెక్కపెట్టే మీటరు పదివేల ఏడు దగ్గర ఆగింది. అక్క పెట్టెకి నూరు చొప్పున సర్దితే ఏడు మిగిలాయి.

"మిగతా తొంభైమూడూ ఎక్కడ నొక్కేశావ్?" అన్నాడు గడ్డపార, అందరి ముందూ.

"మీటరు చూడండి సార్."

"మీటరు కాదు, నీ సంచి చూడాలి. లెక్క సరైనదైతే ఎలాగోలా సమంగా సర్దుకుంటుంది!"

అక్క యాభై చొప్పున సర్దింది, పదమూడు చొప్పున సర్దింది. ప్రతిసారీ తోక మిగిలింది. దొంగ అని గెంటేశాడు. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ అక్కని పనికి పిలవలేదు.

ఆదివారం ఇద్దరం వంటింటి గోడ మీద బొగ్గుతో భాగహారాలు చేశాం. రెండు మొదలుకుని నూరు దాకా. ఏ అంకెతోనూ తెగలేదు.

"నూటొకటితో చూద్దామా అక్కా?"

"అక్కర్లేదే మొద్దూ. పెట్టెకి నూరు దాటితే పెట్టెలు నూటిలోపే అవుతాయి. ఆ అంకెలన్నీ చూసేశాంగా."

నా చదువు మూడో తరగతే, అయినా బుర్రకెక్కింది. ఆ సంఖ్య పుట్టుకే అంత. ఆ గోడకి అక్క సున్నం వెయ్యనివ్వలేదు.

తర్వాత అక్క పాత మిషనొకటి పెట్టుకుని తనే గుండీలు చెయ్యడం మొదలెట్టింది. ఆ కర్మాగారం మూతపడితే అక్కడి ఆడవాళ్ళు సగంమంది అక్క దగ్గరికే వచ్చారు. ఆఖరికి గడ్డపార కూడా వచ్చాడు, జుట్టు నెరిసి.

"ఏ పనైనా చేస్తానమ్మా."

అక్కని గుర్తుపట్టలేదు వెధవ. అక్క పదివేల ఏడు గుండీలు లెక్కపెట్టించి బల్ల మీద బోర్లించింది. "పెట్టెల్లో సమంగా సర్దండి. ఒక్కటీ మిగలకపోతే ఉద్యోగం మీదే."

నేను స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. అంత తీరిగ్గా నేను సినిమా కూడా చూడలేదు. సాయంత్రానికి వాడి చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది.

"ఎలా సర్దినా మిగులుతున్నాయమ్మా."

"అయితే ఎన్ని నొక్కేశారు?"

తలెత్తి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది.

"నేను తియ్యలేదు."

"నేనూ ఆ రోజు అదే అన్నాను."

"తప్పైపోయింది. నువ్వు దొంగవి కాదు."

"వినపడలేదు." అక్క మిషను ఆపించింది. పాత కర్మాగారం ఆడవాళ్ళంతా చుట్టూ చేరాక అదే మాట వాడిచేత మళ్ళీ అనిపించింది.

"మరి ఉద్యోగం?" అన్నాడు.

"ఒక్కటీ మిగలకపోతే అన్నాను కదండీ."

ముసలాడి మీద జాలి లేదా అని అడిగేవాళ్ళు మా గడప తొక్కకండి.

మర్నాడే అక్క వంటింటికి సున్నం వేయించింది. తలుపు వెనక తొంభైమూడుతో చేసిన భాగహారాన్ని మాత్రం నేను చెరపనివ్వలేదు. అది నేను చేసింది.