టీచరమ్మ బావిలో పడిన సీసా

మా చిన్నప్పుడు నంద్యాలలో రైలు గేటు దాటితే ఊరు అయిపోయినట్టే... అవతలంతా నల్లరేగడి చేలు. ఆ చేలల్లో రాళ్లు పాతి ప్లాట్లు వేస్తే, డెబ్బైల చివర్లో పదకొండు ఇళ్లు లేచాయి. అదే మా కాలనీ. వానొస్తే చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సిందే... కరెంటు వచ్చింది గానీ కుళాయి రాలేదు.

నీళ్లకు ఒకటే దిక్కు. సుగుణమ్మ టీచరు బావి.

అందరికంటే ముందు అక్కడ ఇల్లు కట్టుకున్నది ఆమే. పెళ్లి చేసుకోలేదు. బండి ఆత్మకూరు వైపు పల్లెల్లో పాఠాలు చెప్పి రిటైరై, రెండు గదులు వేసుకుని బావి తవ్వించుకుంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి నడిచి వెళ్లేది. మొదట్లో "వాళ్ల బావి నీళ్లా?" అని మూతి తిప్పినవాళ్లూ ఉన్నారు. ఒక్క ఎండాకాలం చాలింది... పొద్దున్నే అందరి బిందెలూ ఆ గట్టు మీదే. బిందె నిండేలోపు పెళ్లి సంబంధాలు, బిడ్డల జ్వరాలు, అత్తల మీద చాడీలు... యాడయాడి నుంచో వచ్చినవాళ్లం ఒకరికొకరం అయింది ఆ గిలక కిందే.

మా నాయన ఉయ్యాలవాడ దగ్గర పల్లెలో సేద్యం కౌలుకిచ్చి మా చదువుల కోసం వచ్చాడు. మంచివాడే... కోపం వస్తే మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు.

ఆ ఏడు వానల్లేవు. "నీళ్లు అడుక్కు పోతాండాయి. ఇంటికి నాలుగు బిందెలే తోడుకోండమ్మా" అంది టీచరు. ఎవరికీ రుచించలేదు.

ఆ వారమే... నాకు తొమ్మిదేళ్లు. మిట్టమధ్యాహ్నం రేషను డిపో నుంచి గ్యాసునూనె తెస్తున్నాను. కిరసనాయిలును మా ఇంట్లో అలాగే అనేవాళ్లం. సీసా మెడకు అమ్మ పాత చీర అంచు కట్టింది, మూతికి కాగితం ఉండ. దాహమేసి బావి దగ్గర ఆగాను. పిల్లలు ఒంటరిగా తోడకూడదని టీచరు ఎన్నిసార్లు చెప్పిందో! సీసా గట్టు మీద పెట్టి చేద లాగుతుంటే మోచేయి తగిలింది...

దారిలో పడి పగిలిపోయిందని ఇంట్లో చెప్పాను. అమ్మ రెండు తగిలించింది. అంతటితో పోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున రంగమ్మత్త మొదటి బిందె ఎత్తి, "ఏందీ వాసన?" అంటూ అక్కడే కుమ్మరించింది. చూస్తే బావి నీళ్ల మీద నూనె తెట్టు. క్షణంలో కాలనీ అంతా చేరింది. మా నాయన ముందుకొచ్చాడు.

"నాలుగు బిందెలంటే వినలేదని గ్యాసునూనె పోసినావా టీచరమ్మా?"

"నేనెందుకు పోస్తానప్పా? నేను తాగేదీ ఈ నీళ్లే కదా!"

"పసిబిడ్డలు తాగే నీళ్లు! నీకు బిడ్డలుంటే తెలిసేది."

ఆ మాటకు టీచరు వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను. నిజం చెబితే నాయన చంపేస్తాడని భయం... చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆడవాళ్లంతా రైలు గేటు దాటి ఊళ్లోని వీధి కుళాయికి నడవడం మొదలుపెట్టారు. అంత ఎండలో మా అమ్మ కూడా, చంకన బిందెతో... అంతా నా వల్లే.

టీచరు ఇద్దరు మనుషుల్ని పెట్టి బావి తోడించింది. నేను బడి నుంచి వస్తుంటే, బురదలోంచి తీసిన సీసా ఆమె చేతిలో ఉంది. మెడకు అదే చీర అంచు. ఆ చీరలో మా అమ్మను ఆమె వందసార్లు చూసి ఉంటుంది. నన్ను చూసి, దగ్గరికి పిలిచింది.

"నాతో ఏమన్నా చెప్పాలనుందా పాపా?"

"ఏం లేదు టీచర్."

సీసాను కొంగు చాటుకు తీసుకుని, "సరే, పో. అన్నం తిను" అంది. ఆ సీసా మళ్లీ ఎవరికీ చూపించలేదు. ఒక్క మాట అని ఉంటే తన మీద నింద పోయేది. నా వీపు కోసం ఊరుకుంది.

కొత్త నీళ్లు ఊరినా ఎవరూ రాలేదు. ఏడాది తిరిగేలోపు ఇల్లు అమ్మేసి, ఆళ్లగడ్డలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆమెను మళ్లీ ఒక్కసారే చూశాను, ఎనభైల చివర్లో, ఆళ్లగడ్డ బస్టాండులో. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. ఆమెకు లావు కళ్లద్దాలు... నేను పలకరిస్తే గొంతు విని గుర్తుపట్టింది. మొదట అడిగిందేమిటో తెలుసా?

"మీ నాయన బాగుండాడా పాపా?"

"టీచర్... ఆ పొద్దు బాయికాడ..." అన్నాను.

"బస్సొస్తాంది చూడు. బేగా ఎక్కు, సీటు దొరకదు" అంటూ తల నిమిరింది. నేను ఎక్కేశాను. నంద్యాలకు ఇంకో బస్సు అరగంటలోనే ఉంది... అయినా ఎక్కేశాను.

మూడేళ్లకు ఆమె పోయిందని తెలిసింది. మా నాయన కూడా తన మాటే నిజమనుకుంటూ వెళ్లిపోయాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా కాలనీ గ్రూపులో పాత సంగతులు రాయమంటే, నేను పెరిగిన వీధి పిల్లాడొకడు రాశాడు. "అప్పట్లో ఒక పిసినారి టీచరు, జనం రాకుండా బావిలో కిరసనాయిలు పోసిందట." కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. వాడి తప్పేం లేదు. నేను నోరు మూసుకున్నందుకు అదే మా కాలనీ చరిత్రయి కూర్చుంది.

కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను. ఆ సీసా నాది. సుగుణమ్మ టీచరు ఏ తప్పూ చేయలేదు. ఆ కాలనీకి మొదటి గుక్క నీళ్లిచ్చింది ఆమే.

ఇప్పుడు అక్కడ ఇంటింటికీ బోరు... పక్కింట్లో ఎవరున్నారో కూడా తెలియదు. ఎవరి నీళ్లు వాళ్లవి, ఎవరి గేటు వాళ్లది.

మీ వీధిలోనూ ఇలా ఎవరైనా ఉండే ఉంటారు... చెయ్యని తప్పు మోసుకుని వెళ్లిపోయినవాళ్లు. వాళ్ల పేరు ఇక్కడ రాయండి. బతికి ఉంటే మాత్రం ముందు వాళ్ల దగ్గరికి వెళ్లిరండి... నాలాగా వచ్చిన బస్సు ఎక్కేయకండి.